తొడుగు

పెట్టె వచ్చిన రోజు ఆయుధాగారంలో కరెంటు లేదు.
బల్లని కిటికీ దగ్గరికి లాగి, గోనె పరిచి
సీలు తెంపాను.
నల్లటి తొడుగు. వెనక భుజానికి ఆనే మడతకొమ్ము.
నడుమ ఖాళీ,
ఒక పిస్టలు వచ్చి పడుకోవడానికి సరిగ్గా సరిపడా ఖాళీ.

గుండు మారదు, గుర్రం మారదు.
ఇన్నాళ్ళూ దాన్ని మనం పట్టుకున్నాం.
ఇకమీదట అది మనల్ని పట్టుకుంటుంది
చేతి దగ్గర, చెంప దగ్గర, భుజం దగ్గర.

ఎస్సై దన్నాన రామినాయుడు గారిది ఈ పిస్టలు.
ఆయన కుడిచెయ్యి వణుకుతుంది.
ఎప్పట్నుంచో విజయనగరం లైన్సంతా తెలుసు.
ఎందుకో కూడా తెలుసు.
కేంటీన్ కుర్రాడు ఆయనకి టీ సగం గ్లాసే పోస్తాడు,
డబ్బులు మాత్రం నిండు గ్లాసువి తీసుకుంటాడు.
ఆ తక్కువ పొయ్యడమే మేం చేసే మర్యాద.
పోయిన పరీక్షలో పాతిక గజాల అట్ట మీద
పదికి రెండు.
మిగతావి గట్టు మట్టి మింగింది.

నాకు ఇరవై రెండేళ్ళ సర్వీసు, అంతా నూనెగుడ్డే.
ఒక్కదాన్నీ మనిషి వైపు తిప్పినవాణ్ణి కాదు.
అయినా ఆ కొమ్ముని నా భుజానికి ఆనించి చూసుకున్నప్పుడు
మా అయ్య గుర్తొచ్చాడు.

మా అయ్య తౌడు, నెల్లిమర్ల మిల్లులో జనపనార బేళ్ళు మోసేవాడు.
కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ.
కొత్త చొక్కా తొడిగితే
చొక్కా కంటే ముందు అదే కనిపించేది.
పని మానేసిన తొమ్మిదేళ్ళకి కూడా
గుమ్మం దాటేటప్పుడు కుడివైపుకి ఒంగేవాడు,
నెత్తికి జానెడు ఎత్తున ఖాళీ ఉన్నా.
'సెయ్యి మోసింది సెయ్యి మర్సిపోద్దిరా' అనేవాడు,
'బుజం మోసింది బుజం మర్సిపోదు.'

పిస్టలు లోపలికి జారింది. టక్ మంది.
అంతసేపూ గుమ్మంలో నిలబడ్డ రైటర్ కలిశెట్టి పైడితల్లి
రిజిస్టరు తెరిచింది.
'రకం గడిలో ఏటి రాయమంటారు సార్?
పిస్టలా, కార్బైనా?
రెండూ రాస్తే ఆడిటోడు రెండూ సూపించమంటాడు.'
ఉంచు, అన్నాను.

గురువారం పొద్దున్న కొండ కింద రేంజిలో
మంచు ఇంకా జీడితోట మీంచి లేవలేదు.
పది పేల్చారు. తొమ్మిది
టీ సాసరంత జాగాలో కూచున్నాయి.
ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.
ఆయన మాత్రం ఆయుధం దించి
భుజం తడుముకున్నారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి.
గుమ్మడికాయల సామెత ఎవడికి తట్టిందో,
వెనక వరసలో చిన్న నవ్వు పుట్టి
పుట్టినచోటే చచ్చింది.

సాయంత్రం తాళం వేసే వేళకి ఒక్కరూ వచ్చారు.
'మళ్ళీ తీసెయ్యగలవా?'
'నిమిషం సార్. తొడుగే కదా.'
'గురి కుదిరింది కదా' అని ఊరుకోలేకపోయాను.
'కుదిరింది' అన్నారు.
చాలాసేపటికి మళ్ళీ అన్నారు,
'ఆ రోజు కూడా కుదిరింది.'

బల్ల మీద ఆయన చెయ్యి వణుకుతూ ఉంది,
దాని కింద నా స్క్రూల డబ్బా కూడా సన్నగా మోగుతోంది.
ఆపబోయి ఆగిపోయాను.
అయ్యా, నువ్వు చెప్పింది సగమే నిజం.

పిస్టలు విప్పి, తుడిచి, ఆయనకి అప్పగించాను.
తొడుగు పెట్టెలోకి పోయింది.
పైడితల్లి వదిలేసిన గడిలో పెన్సిలుతో రాశాను:
పిస్టలు ఒకటి.
తొడుగు ఒకటి, విడిగా.